ఆపకూడని ఇంజన్

పదకొండో భాగం

పోయిన వారం మీరు నన్ను షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వెళ్ళారు. రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు. నా బ్యూక్ డిక్కీలో సూట్‌కేసు సర్దేసి ఉంది. మా చెల్లెలు మర్నా శాండస్కీ నుంచి పికప్ బండి వేసుకుని మధ్యాహ్నానికి వస్తానంది, నా కుట్టుమిషనూ మా అమ్మ ఇచ్చిన చెక్కపెట్టే ఎక్కించుకుపోవడానికి. మా ఆయన ఎల్డన్‌కి ఇదేమీ తెలియదు. ఆయన ఎర్రకారు ఇంజన్ స్టార్ట్ అయిన రోజే ఈ ఇల్లు వదిలి పోవాలని అనుకుని, మర్నాకి మాత్రం చెప్పుకుని రెండు చలికాలాలు దాటాయి. ఆ రోజు ఇవాళే.

నేను డీని, కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఒక్క ముక్క. ఎల్డన్ చెడ్డవాడు కాదు. తాగి రాడు, చెయ్యెత్తడు. ప్రెస్ షాపులో ఇనుప రేకులు గుద్దే పని చేసినన్నాళ్ళూ జీతం కవరు విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన చేసిందల్లా నా మాట వినడం మానేయడం. నేను ఏదో చెబుతూ ఉంటే 'ఊఁ' అంటాడు, లేకపోతే 'అలాగే' అంటాడు, లేచి షెడ్డులోకి పోతాడు. గోడతో కాపురం చేస్తున్నట్టు ఉండేది. గోడే నయం, అది 'అలాగే' అనదు.

ఇక ఆ కారు. డెబ్భై ఆరో సంవత్సరం కార్వెట్. చూడ్డానికి చిరుతపులిలా ఉంటుంది, తోలితే మా పక్కింటి ముసలి పిల్లి. పొగ తగ్గించాలని రూల్సు పెట్టిన కాలంలో గొంతు నొక్కి వదిలిన ఇంజన్ అది. నూట ఎనభై గుర్రాల బలం అని ఎల్డన్ చెప్పేవాడు. "అందులో సగం కుంటివి" అనేదాన్ని నేను. ఓసారి సిగ్నల్ దగ్గర పిజ్జాలు పంచే బుల్లికారు ఒకటి దీన్ని దాటేసి పోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు, కైమాతో చేసిన మీట్‌లోఫ్ అంతా నేనే తిన్నాను. దీన్ని మూడొందల గుర్రాలు చేస్తాను, అదీ జేబుకి చిల్లు పడకుండా పాత ఇనుము యార్డుల్లో దొరికేవాటితోనే చేస్తాను అని పట్టు పట్టాడు. ఎక్కడో గుద్దుకున్న ఓ ట్రక్కు ఇంజన్ నుంచి హెడ్లు, అంటే దాని నెత్తిమీది దిమ్మలు, ఊడదీసుకొచ్చాడు. ఎవరో వదిలించుకున్న ఇంటేక్ గాలిగొట్టం, ఇంకెవరిదో పొగగొట్టాలు. కామ్‌షాఫ్టూ దాని లిఫ్టర్లూ మాత్రం కొత్తవి కొన్నాడు.

"కాఫీ అక్కడ పెట్టు. మళ్ళీ చెబుతున్నాను, విను," అన్నాడు నా మొహంలోకే చూస్తూ. "కొత్త కామ్ ఇది. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఇరవై నిమిషాలు ఆపకూడదు. నెమ్మదిగా తిరగనివ్వకూడదు, గట్టిగా తిప్పాలి. నేనిక్కడ నిలబడి గ్యాస్ మీట పట్టుకుంటాను. నువ్వు సీట్లో కూచుని మీటర్ల ముళ్ళు చూడు. వేడి పెరిగినా, ఆయిల్ ముల్లు పడిపోయినా నాకు చెప్పు."

"హారన్ కొడతాలే."

"హారన్ వద్దు. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఊపు. తాళం మాత్రం ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను."

"ముట్టుకుంటే ఏమవుతుందట?"

"ఆ కామ్ మీద బుడిపెలుంటాయి. లిఫ్టర్లు వాటి మీద గుండ్రంగా తిరుగుతూ పైకీ కిందికీ ఆడాలి. ఈ ఇరవై నిమిషాల్లోనే రెండూ ఒకదానికొకటి అలవాటు పడాలి. పడ్డాయా, జీవితాంతం ఢోకా లేదు. పడలేదా, ఒకదాన్నొకటి తినేస్తాయి. కొత్త కాపురం లాంటిదే, పిల్లా."

కాపురం గురించి ఈయన నాకు పాఠం చెప్పడం! ఒళ్ళు మండింది. అయినా పెళ్ళికి ముందు నుంచీ నన్ను పిల్లా అని పిలిచే ఆ గొంతు వింటే ఇవాళ కూడా ఏదో అయింది. మాట్లాడకుండా వెళ్ళి సీట్లో కూచున్నాను.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. షెడ్డు గోడకి వేలాడే రెంచీలన్నీ గలగలలాడాయి. పొగగొట్టాల్లోంచి వచ్చిన ఆ మోత నా వెన్నులోకి దూరింది. పాత పిల్లి చచ్చిపోయిందనీ ఇది వేరే జంతువనీ నాలాంటిదానికి కూడా తెలిసిపోయింది. ఈ కారు నెలల కొద్దీ బాగుపడుతోంటే చూస్తూ ద్వేషించిన దాన్ని, నవ్వాపుకోలేకపోయాను. అద్దంలోంచి చూస్తే ఎల్డన్ ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. ఒక చేత్తో గ్యాస్ పట్టుకున్నాడు, రెండో అరచెయ్యి చక్రం పైనున్న ఫెండర్ మీద బోర్లా ఆనించాడు. జ్వరం వచ్చిన బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసి చూసినట్టు చూస్తున్నాడు.

కాసేపటికి నాకు ఆ చప్పుడు వినిపించింది.

టిక్, టిక్, టిక్. ఆ మోత కింద సన్నగా, గట్టిగా. నేను బట్టలు కుట్టి బతికిన మనిషిని. మిషను సూది వంకరపోయి కింద రేకుకి తగులుతుంటే వచ్చే చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఇది అలాంటిదే. ఏదో తిరగాల్సింది తిరగకుండా తగులుతోంది.

"ఎల్డన్! ఆ టిక్‌టిక్ ఏంటి?" అని అరిచాను కిటికీలోంచి.

ఆయన తల ఎత్తలేదు.

"ఎల్డన్! వినపడటంలా?"

ఉలుకూ పలుకూ లేదు. ఇది నాకు కొత్త కాదు కదా అనుకుని పళ్ళు నూరుకున్నాను. కానీ చప్పుడు పెరుగుతోంది. చెయ్యి బయట పెట్టి ఊపాను, ఆయన చూపు ఇంజన్ మీద నుంచి కదల్లేదు. దిగి వెళ్ళి, వెనక నుంచి చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకుని అరిచాను. ఆయన అరచెయ్యి ఫెండర్ మీద అలాగే ఉంది. పెదాల మీద చిన్న నవ్వు. చంకలో బిడ్డనెత్తుకున్న తండ్రిలా మురిసిపోతున్నాడు.

తిరిగి వెళ్ళి తాళం తిప్పేశాను.

షెడ్డంతా చల్లబడినట్టు అయింది. ఎల్డన్ మొహం ఎర్రబడిపోయింది.

"ఏం చేశావ్! ఆపొద్దని చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? కామ్ పోయింది! రెండేళ్ళ పని ఒక్క తాళంతో తగలేశావ్!"

"చప్పుడొస్తోంది ఎల్డన్. ఎక్కడో తగులుతోంది. నీకు చెప్పాలని ఎంత అరిచానో తెలుసా?"

"ఏ చప్పుడూ లేదు! ఇంజన్లు విప్పి పెట్టినవాణ్ణి నేను, నాకు వినపడనిది నీకు వినపడిందా?"

"వినపడింది. విప్పి చూడు."

గొణుక్కుంటూ రెంచీ తీసుకున్నాడు. నాకు వీపు పెట్టి, ఇంజన్ ఎడమపక్క మూత బోల్టులు ఊడదీయడం మొదలుపెట్టాడు. షెడ్డులో బోల్టుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వేడి ఇనుము మీద నూనె మాడిన వాసన. నేను ఆయన వెనకే నిలబడ్డాను. ఆ వీపు చూస్తుంటే నాకో అనుమానం వచ్చింది. ఎంత చిత్రమైన అనుమానమంటే నాకే నవ్వొచ్చింది.

"ఎల్డన్, షెడ్డు తగలబడుతోంది," అన్నాను మామూలు గొంతుతో.

ఒక బోల్టు తీసి ప్లేటులో పెట్టాడు.

"ఎల్డన్, నీ కార్వెట్‌ని మర్నా మొగుడికి అమ్మేశాను."

ఇంకో బోల్టు. ఎవరికైనా కారైనా ఇస్తాడు కానీ మా మరిది చేతికి సైకిలు కూడా ఇవ్వడు ఈయన.

"నేను ఇవాళ నిన్ను వదిలేసి వెళ్ళిపోతున్నాను," అన్నాను.

మూత ఎత్తి పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "ఏంటలా నిలబడ్డావ్? పోయి తాళం స్టార్టర్ దాకా తిప్పు. ఇంజన్ అందుకోకుండా వైరు పీకేశాను, ఊరికే తిరుగుతుంది."

వెళ్ళి తాళం తిప్పి పట్టుకుని, అద్దంలోంచి చూశాను. లిఫ్టర్ల మీద నిలబడే పొడుగు కడ్డీలకి ఒక్కోదానికి ఒక్కో ఎర్రగీత ఉంది. నా గోళ్ళరంగు అది. క్రిస్మస్ నుంచి సీసా కనపడటం లేదని నేను ఇల్లంతా వెతుక్కున్నది దానికోసమే. లిఫ్టరు తిరిగితే కడ్డీ తిరుగుతుంది, గీత కూడా తిరుగుతుంది. అన్ని గీతలూ తిరుగుతున్నాయి. ఒక్కటి మాత్రం ఎల్డన్ వైపే చూస్తూ నిలబడిపోయింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. చెయ్యెత్తి చాలన్నాడు. నేను దిగి వెళ్ళేసరికి, బోర్లించిన బకెట్ మీద కూలబడి ఉన్నాడు.

"ఇంకాసేపు తిరిగితే కామ్ అరిగిపోయేది. ఆ రజను ఇంజనంతా పాకేది," అన్నాడు. "నువ్వు ఆపబట్టి బతికింది. అంత మోతలో నీకెలా వినపడింది డీ?"

"నీకెలా వినపడలేదు?"

ఆయన గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న వేలినే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. నేను ఆయన ముందు మోకాళ్ళ మీద కూచుని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాను. ఆ కళ్ళు నా కళ్ళని చూడలేదు. నా పెదాలని చూశాయి. ఎన్నాళ్ళ నుంచి అలా చూస్తున్నాయో, నేనెందుకు గమనించలేదో!

"ఎన్నాళ్ళైంది?" అని అడిగాను.

"సన్న చప్పుళ్ళు ముందే పోయాయి. పక్షులూ అవీ. ప్రెస్ షాపు మానేసేనాటికి మాటలు కూడా... ఎదురుగా నిలబడితే పట్టేస్తాను. వెనక నుంచి అయితే ఏమీ రాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఊళ్ళో ఎవరి బండి రొప్పినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు, ఎల్డన్ చెవి పెడితే చాలనేవాళ్ళు. చెవిటోడికి ఎవడిస్తాడు ఇంజను? ఇంకా..." అని ఆగాడు. "నిన్ను ప్రతి మాటా రెండోసారి అడుగుతుంటే విసుక్కుంటావనుకున్నా. అందుకే అలాగే అనేవాణ్ణి. దేనికి అంటున్నానో కూడా తెలిసేది కాదు."

ఈ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. నేను ఎవరి మీద కక్షతో ఇన్నాళ్ళు సూట్‌కేసు సర్దుకున్నానో ఆ మనిషి లేనే లేడు.

"ఎల్డన్, ఇటు చూడు. నా నోరు చూడు," అన్నాను. "రెండేళ్ళ కిందట ఏప్రిల్లో నువ్వు నా వంటింటి సింకులో, నేను గిన్నెలు తోముకునే సింకులో, కార్బురేటర్ కడుగుతున్నావు. నేను వెనక నిలబడి చెప్పాను. రొమ్ములో గడ్డ ఉందన్నారు, కోసి చూడాలన్నారు, నాకు భయంగా ఉంది, నువ్వు నాతో రావాలి అని. నువ్వు అలాగే అన్నావు. చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళిపోయావు."

ఆయన పెదాలు నా మాటల్ని లోలోపల పలుకుతూ వచ్చాయి. సగంలో ఆగిపోయాయి.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

"నువ్వొక్కదానివే వెళ్ళావా?"

"ఒక్కదాన్నే."

"కారు ఎవరు నడిపారు?"

"నేనే. వచ్చేటప్పుడు కూడా నేనే. భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇంటికొస్తే నువ్వు బొలోనా సాండ్‌విచ్ చేసుకు తింటున్నావు, నాకూ ఒకటి చెయ్యనా అన్నావు."

"నొప్పి పుట్టిందా?" అని అడిగాడు. ఇన్నేళ్ళ తర్వాత, నిన్న జరిగినట్టు. ఆ ప్రశ్న కోసం నేను ఎంత కాచుకున్నానో అది విన్నాకే తెలిసింది. పుట్టిందని తల ఊపాను. ఎల్డన్ నూనె చేతులతోనే నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకున్నాడు. పెళ్ళాం ఏడిస్తే ఏం చేయాలో తెలియని మనిషి, తనే ఏడ్చాడు. ఆయన చొక్కా నిండా పెట్రోలు వాసన. నా ఆదివారం గౌను నాశనం అయిపోయింది, పోనీ అనుకున్నాను.

కాసేపయ్యాక నన్ను కొంచెం దూరంగా జరిపి, మొహం సరిగ్గా కనిపించేలా పట్టుకున్నాడు.

"సూట్‌కేసు బ్యూక్‌లోనే ఉందా?" అన్నాడు.

ఆయన చొక్కా వదిలేశాను.

"నీకెలా..."

"వంటింటి ఫోను ఆ కిటికీ పక్కన ఉంది కదా. నువ్వు మర్నాతో మాట్లాడుతూ కిటికీలోంచి ఇటే చూస్తుంటావు. నీ మొహమంతా కనపడుతుంది. నాతో మాట్లాడేటప్పుడే కనపడదు," అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఉన్నదున్నట్టు చెప్పాడంతే. "కారు స్టార్ట్ అయ్యేదాకా ఉంటానన్నావు. మొన్నటి కంటే అంతకు ముందు చలికాలం అన్నావు."

"తెలిసి కూడా ఊరుకున్నావా?"

లేచి వెళ్ళి బెంచీ కింద టార్పాలిన్ లాగాడు. కింద ఒక ఇంటేక్, గుడ్డల్లో చుట్టిన ఇంకో జత హెడ్లు, తుప్పు లేకుండా నూనె రాసిన పొగగొట్టాలు. నేను నోరు వెళ్ళబెట్టాను. యార్డులో దొరకలేదనీ, దొరికినవాటికి పగులు ఉందనీ, ఇంకా చౌకగా వస్తుందేమో ఆగుదామనీ ఈయన చెబుతూ వచ్చినవన్నీ అక్కడే ఉన్నాయి. పిసినారితనం అనుకుని నేను ఊరంతా చెప్పుకుని నవ్వాను.

"అన్నీ ఎప్పుడో దొరికాయి, ఒకటికి రెండేసి," అన్నాడు. "బిగిస్తే అయిపోతుంది. అయిపోతే నువ్వెళ్ళిపోతావు. అందుకని బిగించింది విప్పి, విప్పింది మళ్ళీ బిగించి..."

"మరి ఇవాళెందుకు స్టార్ట్ చేశావ్?"

"వెళ్ళాలనుకున్న మనిషిని సామాన్లు దాచి ఎన్నాళ్ళని ఆపను? సిగ్గేసింది. ఇంకొకటి కూడా ఉందిలే. ఇది ఎలా మోగుతుందో నాకు వినపడదు కదా. నా చేతికి బాగానే తగిలింది. నువ్వు వింటే చాలనుకున్నా." నా వైపు బెదురుగా చూశాడు. "బాగుందా?"

"బాగుంది," అన్నాను. "చాలా బాగుంది." చెంపలు తుడుచుకున్నాక నాకు కొంచెం అనుమానం కూడా వచ్చింది. "ఆ తిరగని లిఫ్టరు నీ పనేనా? ఇంకో నెల నన్ను ఉంచడానికి?"

ఎల్డన్‌కి నిజంగా కోపం వచ్చింది. "ఛ! ఇంజన్‌కి అంత ద్రోహం చేస్తానా?"

నవ్వొచ్చింది నాకు. ఆయనకీ వచ్చింది. ఈ షెడ్డులో మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళైందో. ఆయన వెళ్ళి ఆ నిలబడిపోయిన ఎర్రగీత మీద వేలు పెట్టాడు.

"ఇంటేక్ మళ్ళీ ఊడదీయాలి. లిఫ్టరు మార్చాలి," అన్నాడు దాన్నే చూస్తూ. "ఈసారి నాటకాలు లేవు. వారంలో అయిపోతుంది. కావాలంటే ఇంకా ముందే చేసేస్తాను. నువ్వు వెళ్ళాలనుకుంటే..."

అప్పుడు మోగింది బయట, మా వాకిట్లో, పికప్ హారన్. మర్నా హారన్ కొడితే వీధి చివర కుక్కలు లేస్తాయి. మొదట పొడుగ్గా ఒకటి, తర్వాత తొందరపెడుతూ రెండు పొట్టివి.

ఎల్డన్ లిఫ్టరు వైపు చూస్తూ రెంచీల్లో సరైనది వెతుక్కుంటున్నాడు. వాకిట్లో తలుపు తెరిచి మూసిన చప్పుడు, గులకరాళ్ళ మీద మా చెల్లెలి బూట్ల చప్పుడు. "డీ! రెడీయేనా? పెట్టె ఎక్కడుంది?" అని దాని కేక. ఇవన్నీ వచ్చి నా ఒక్కదాని చెవిలోనే పడ్డాయి.

రెంచీ దొరికి తలెత్తిన ఎల్డన్ నా మొహం చూశాడు. చేతిలోది అలాగే ఆగిపోయింది.

"ఏంటి డీ?" అన్నాడు మెల్లగా. "ఏమైనా వినపడిందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. షెడ్డు తలుపు మీద మర్నా చెయ్యి పడింది. నేను ఆయనకి నా మొహం బాగా కనపడేలా వెలుతురులోకి జరిగి నిలబడి, నోరు తెరిచాను.